మస్కట్ దగ్గరే

నేను ఒక గ్లోబుని. ఢిల్లీ దగ్గర ఓ షెడ్డులో రెండు అట్ట డొప్పలు అతికించి, పైన దేశాలూ సముద్రాలూ అచ్చేసిన కాగితం అంటించి నన్ను తయారు చేశారు. కొన్నాళ్లు రాజోలులో ఒక బడి బల్ల మీద ఉన్నాను. ఆ బడి మూతపడ్డాక దానియేలు నన్ను కొనుక్కుని, బస్టాండు ఎదుట తన ట్రావెల్స్ ఆఫీసులో పెట్టుకున్నాడు. గల్ఫుకి వెళ్లేవాళ్లకి వీసాలు, టిక్కెట్లు చూడడం అతని పని. రోజూ పొద్దున్నే తన జేబురుమాలుతో నన్ను తుడిచేవాడు. బడిలో అంత మర్యాద ఎరగను. ఇంత మంచివాడు ఊళ్లో లేడనుకున్నాను.

ఒకరోజు అతని భార్య రూతు, తన చెల్లెలు సువార్తను వెంటబెట్టుకుని వచ్చింది. సువార్తకి భర్త లేడు. చిన్న పాప ఉంది. ఇళ్లలో పనికి విదేశం వెళ్లడానికి ఒప్పుకుంది గాని, ఒక్క షరతు పెట్టింది.

"దగ్గరూరైతేనే ఎల్తాను బావా. పాపకి ఆయాసం. ఒంట్లో బాగోలేదంటే మర్నాటికల్లా నేనిక్కడుండాలి."

దానియేలు నన్ను నెమ్మదిగా తిప్పి హైదరాబాదు మీద బొటనవేలు, మస్కట్ మీద చూపుడువేలు ఆనించాడు.

"చూడు, ఇంతే! విమానంలో మూడున్నర గంటలు. ఇక్కణ్ణుంచి విశాఖపట్నం బస్సెక్కితే అంతకంటే ఎక్కువ పడుద్ది."

అది నిజమే కాబట్టి నాకూ గర్వమేసింది. సువార్త నన్ను చూసే ధైర్యం తెచ్చుకుంది.

రెండేళ్ల తర్వాత అక్కతో కలిసి మళ్లీ వచ్చింది. బాగా చిక్కిపోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మస్కట్‌లో దిగాను బావా. బయటికి రానీలేదు. ఎవడో వచ్చి ఇంకో విమానం ఎక్కించేశాడు. అది ఎంతకీ దిగదే! కిందకి చూస్తే అంతా ఇసకే. పక్కనున్నామెని అడిగితే బీరూట్ అంది, ఇంకో దేశమంట. పాపని ఆస్పత్రిలో చేర్చారని అక్క ఫోన్ చేస్తే, ఇంటావిడ నా పాస్‌పోర్టు ఇవ్వలేదు. కాళ్లు పట్టుకున్నా ఇవ్వలేదు, రెండేళ్ల గడువు తీరాకే ఇచ్చింది. అక్కే లేకపోతే నా పాప దక్కేది కాదు."

"అక్కడి ఏజెంటు నన్నూ మోసం చేశాడమ్మా! ఆ ఊరి పేరే నేనెప్పుడూ వినలేదు," అన్నాడు దానియేలు. రెండేళ్లుగా భార్యతోనూ అదే మాట చెబుతున్నాడు.

రూతు నా వైపు చూసింది. "అంత దూరవాండీ అది?" అని మెల్లగా అడిగింది.

అలవాటైన నోరు ఊరుకోదు కదా! "దూరమేం కాదు రూతూ, మస్కట్ నుంచి నాలుగు గంటలే!" అంటూ నన్ను గిర్రున తిప్పాడు. వేలు తడుముకోకుండా వెళ్లి బీరూట్ మీద వాలింది.

"పేరే వినలేదన్నారు కదండీ," అంది రూతు.

అతను వేలు తీసేశాడు. ఆమె చెల్లెలి చెయ్యి పట్టుకుని నేరుగా పోలీస్ స్టేషనుకి నడిచింది. మళ్లీ దానియేలు ఇంటి గడప తొక్కలేదని పక్క కొట్టువాళ్లు అనుకుంటుంటే విన్నాను.

పోలీసులు వచ్చి కంప్యూటరు, కాగితాలు పట్టుకెళ్లారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. గది ఖాళీ చేసినప్పుడు పాతసామాన్ల బండిలో పడేశారు. ఇప్పుడు తుప్పురేకుల మధ్య పడి ఉన్నాను. దానియేలు మీద కోపం మాత్రం చల్లారలేదు. నా మీద ఒక్క ఊరూ తప్పుగా అచ్చు పడలేదు. అయినా నన్ను చూసి నమ్మిన మనిషే మోసపోయింది.