పోశాలు పట్టిన పంతం

పోశాలు ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి, ఉద్యోగం అయిపోయాక జనగామలోనే స్థిరపడ్డాడు. పొద్దున్నే విశ్రాంత ఉద్యోగుల సంఘం గదికి పోయేవాడు. పేపరు చదివి, జఫర్‌గఢ్‌లో పోస్ట్‌మాన్‌గా చేసిన లస్మయ్యతో ఏదో ఒక వాదన పెట్టుకుని, మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. ఇద్దరిదీ పదకొండేళ్ల స్నేహం.

ఒక ఏడాది సంఘం అధ్యక్ష పదవికి పోశాలు నిలబడ్డాడు. చీట్లెందుకని చేతులెత్తమన్నారు. అవతలి మనిషి కోసం లేచిన చేతుల్లో లస్మయ్య చెయ్యి కూడా ఉంది.

"నీకు కోపం ఎక్కువ పోశాలన్నా. పదిమందిని సముదాయించుడు నీతోని కాదు. గందుకే ఆయనకెత్తిన," అన్నాడు లస్మయ్య, అందరి ముందే.

పోశాలు చెప్పులేసుకుని బయటికి నడిచాడు. మళ్లీ ఆ గది వైపు పోలేదు.

వారం తిరక్కుండానే లస్మయ్య అతని ఇంటికి వచ్చాడు. పోశాలు లోపలి గదిలో కూర్చుని, లేడని భార్య భూదేవితో చెప్పించాడు. రెండోసారీ అంతే. మూడోసారి ఆమె ఎదురు తిరిగింది.

"నేను చెప్పనయ్యా గీ అబద్ధం. నువ్వే పోయి చెప్పు, లేనని."

పోశాలు కదల్లేదు. లస్మయ్య వాకిట్లో కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఇక రాలేదు.

మూడేళ్లు గడిచాయి. పోశాలు టీవీ ముందు నుంచి లేవడం మానేశాడు. చెవులు మందగించాయి. పక్కింటివాళ్ల పేర్లు మరిచిపోసాగాడు. దేవరుప్పుల రూట్లో రోజూ అరిచి చెప్పిన స్టేజీల పేర్లు కూడా ఒకరోజు నోటికి రాలేదు. భూదేవి భయపడి దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టరు అన్నీ చూసి, "బీపీ, షుగర్ బాగనే ఉన్నయి. రోజంత ఎవరితోని మాట్లాడుతడు?" అని అడిగాడు.

"టీవీని తిడుతడు సార్. గంతే," అంది భూదేవి.

"నలుగుర్ల తిరగాలె. దీనికి గోలీలు లేవమ్మా."

బయటికి వచ్చాక ఆమె సంఘం పేరెత్తింది. "సచ్చినా పోను," అన్నాడు పోశాలు.

ఆ చలికాలంలోనే లస్మయ్య గుండెపోటుతో పోయాడు. కబురు తెచ్చింది భూదేవే. పోశాలు లేచి చొక్కా తొడుక్కున్నాడు.

షామియానా కింద సంఘం వాళ్లంతా కూర్చున్నారు. కిందటేడు కాళేశ్వరం పోయినప్పుడు లస్మయ్య గోదావరి మెట్ల మీద జారి, లేచి, నవ్వి అందరినీ నవ్వించిన సంగతి చెప్పుకుంటూ కళ్లు తుడుచుకుంటున్నారు. ఫోన్లో ఫొటోలు చూపించుకున్నారు. ఏ ఫొటోలోనూ పోశాలు లేడు. చెప్పడానికి అతని దగ్గర ఒక్క ముచ్చటా లేదు.

లస్మయ్య భార్య అంజమ్మ అతన్ని చూసింది.

"ఇప్పుడచ్చినవా అన్నా? నువ్వు ఇంట్లనే ఉన్నవని ఆయనకెరుకే. నీ దగ్గు ఇనవడ్డదట. ఇంటికచ్చి, 'ఉన్నడే, నా మొకం సూడబుద్ధి అయితలేదు ఆయనకు' అన్నడు. ఆ పూట అన్నం ముట్టలే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "మూడేండ్లు కూసోని ఏం సాధించినవన్నా?"



దినాలు అయిపోయాక ఒక పొద్దున సంఘం గదికి పోయాడు. సగం కొత్త ముఖాలు. ఈమధ్యే రిటైరైన ఒకతను, "ఎవరు కావాలె పెద్దమనిషీ?" అని అడిగాడు.

"ఎవల్లేరు. జర కూసుందామని అచ్చిన."

కుర్చీ జరిపి ఇచ్చారు. ఎవరో ఏదో అన్నారు, అంతా నవ్వారు. పోశాలుకు వినపడలేదు. అందరూ ఆపేశాక తానూ నవ్వాడు. ఎవరూ తిరిగి చూడలేదు.

ఇంటికి రాగానే భూదేవి ఆత్రంగా అడిగింది. "మాట్లాడిన్రా?"

"మాట్లాడుకున్నరు. నాకే సగం సమజ్ కాలే."

"మరి రేపు పోతవా?"

పోశాలు చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టాడు.

"పోత. ఇంకేడికి పోవాలె?"