ఇంటికొచ్చిన తుపాకులు

"ఊడవడానికి చదువు కావాలా ఏమిటి?" అన్నారు మా ఆయన, షూటింగ్ రేంజ్ తెరిచిన మొదటి వారంలో. ఇల్లు ఊడ్చినట్టే దాన్నీ ఊడవమని చీపురు చేతికిచ్చారు. నాలుగు గోడల మధ్య తుపాకులు పేల్చే పొడవాటి హాలు అది. పేల్చిన ప్రతిసారీ మందు మొత్తం కాలదు. కాలకుండా మిగిలిన బూడిదరంగు పొడి నేలమీద పేరుకుంటుంది. పొడిగా ఊడిస్తే అందులో కలిసిన తూటాల సీసం ధూళి ముక్కులోకి పోతుంది, ఆ పొడికి నిప్పు తగిలిందా భగ్గుమంటుంది. అందుకే నేను చీపురు పక్కన పెట్టి తడిగుడ్డతో మోకాళ్లమీద పాకుతూ తుడిచేదాన్ని. అందరికీ వారానికో సెలవు ఉంటుంది కదా, నాకు ఆ రోజే అసలు పని. జీతం మాటెత్తితే "సొంత వ్యాపారంలో జీతమేమిటే?" అని నవ్వేవారు. గల్లాపెట్టె దగ్గర కూర్చునేటప్పుడు మాత్రం అది ఆయన సొంతం.

తుడుస్తున్నంతసేపూ నాకున్న ధైర్యం పైకప్పు. అక్కడ వరసగా స్ప్రింక్లర్లు ఉంటాయి. ఒక్కోదానికీ వేలెడంత కూడా లేని గాజు గొట్టం. మంట వేడి తగిలితే ఆ గాజు పగిలి నీళ్లు కురుస్తాయి. పైపులు బిగించినాయన టీ తాగుతూ నాకు ఈ సంగతి చెప్పి, "మీరేం భయపడకండమ్మా, మనిషికంటే ముందు అదే మేలుకుంటుంది" అన్నాడు. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్లూ ఆ హాల్లో ఒంటరిగా పనిచేశాను.

కిందటి నెలలో ఎవరో కొత్తగా నేర్చుకునే మనిషి తుపాకీ పైకెత్తి పేల్చాడు. గుండు పోయి సరిగ్గా స్ప్రింక్లర్‌కి తగిలింది. పైపుల్లో నిలవున్న నల్లటి కంపు నీళ్లు, పేల్చడానికొచ్చిన పెద్దపెద్ద వాళ్ల కోట్లమీద కుమ్మరించినట్టు పడ్డాయి. మా ఆయన వెనకగదిలోకి పరిగెత్తి ఆ పైపులకు నీళ్లు వదిలే వాల్వ్ కట్టేశారు. మర్నాడు పగిలిన స్ప్రింక్లర్ మార్పించారు. ఆ వెంటనే వెనకగదికి తాళం పడింది. ఎందుకంటే "ఎలుకలు" అన్నారు.

ఆ వారమే, హాలు ముందుగోడకు వేలాడే మామగారి వేట తుపాకులు ఇంటికొచ్చాయి. తేమకు పాడైపోతున్నాయన్నారు. నా మెత్తటి దుప్పట్లలో వాటిని చుట్టింది నేనే. కారు వెనకసీట్లో పడుకోబెట్టి, గుంత కనిపించిన చోటల్లా ఆపుకుంటూ తెచ్చారాయన. కాలు విరిగినప్పుడు నన్ను ఆసుపత్రికి తీసుకెళ్తూ కూడా అంత నెమ్మదిగా నడపలేదు.

మొన్న సెలవురోజు ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ నా ముందు పెట్టారు. "తడిగుడ్డతో రోజంతా గడిపేస్తున్నావు, వంట ఆలస్యమవుతోంది. దీంతో లాగెయ్."

"ఆ పొడికి ఇది ఫర్వాలేదంటారా?"

"ఇంట్లో వాడట్లేదూ? ప్రతిదానికీ ఒక ప్రశ్న!"

సగం హాలు కూడా కాలేదు. మోటారులో ఎక్కడో నిప్పురవ్వ లేచింది. చేతిలోదే భగ్గుమంది. మంట నేలమీద పొడి వెంట పరిగెత్తి, చప్పుడు పీల్చుకోవడానికి గోడకు అతికించిన స్పాంజిని అందుకుంది. పైన టప్పున గాజు పగిలింది. అమ్మయ్య, అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. తలెత్తి నీళ్లకోసం చూస్తూ నిలబడ్డాను. చెంచాడు నల్లటి నీళ్లు కారి ఆగిపోయాయి. ఇక నా పాతబకెట్టే దిక్కయింది. ఉన్న నీళ్లన్నీ విసిరి, తడిగుడ్డతో బాది బాది ఎలాగో ఆర్పాను. మణికట్టు నుంచి మోచేతిదాకా బొబ్బలెక్కింది.

మా ఆయన వచ్చి ముందుగా గోడవైపు చూశారు. "అయ్యో, స్పాంజి మొత్తం పోయిందే!" తర్వాత నా చెయ్యి చూశారు.

"నీళ్లెందుకు రాలేదండీ?"

"వాల్వ్ తెరవడం మర్చిపోయానే. వంద పనులు నాకు."

నమ్మాను. మతిమరుపు ఎవరికి లేదు? నమ్మితే బతుకు సులువవుతుంది, నాకది అలవాటే.

ఆ సాయంత్రం అత్తయ్య నా చేతికి మందు రాస్తూ కూర్చున్నారు. పాపం, మెత్తగానే రాస్తున్నారు. నన్ను ఓదార్చాలని కాబోలు అన్నారు. "పోనీలే, పెద్ద నష్టం తప్పింది. వాడికి ముందుచూపెక్కువ. నీళ్లు కట్టేసిన రోజే నాతో అన్నాడు, 'అమ్మా, మళ్లీ తెరిస్తే మళ్లీ ఎవడో ఒకడు పేలుస్తాడు, ఇక తెరవను. కానీ ఏదైనా అంటుకుంటే నాన్న తుపాకులు బూడిదైపోతాయి, ఇంటికి తెచ్చేస్తా' అని. తేబట్టి సరిపోయింది. లేకపోతే మీ మామగారి గుర్తులేమయ్యేవి?"

అత్తయ్య వేళ్లు నా చేతిమీద కదులుతూనే ఉన్నాయి. మంట మాత్రం తెలియడం మానేసింది. ఆయన మర్చిపోలేదన్నమాట. కూర్చుని ఆలోచించారు. అంటుకుంటే ఏమేం కాలిపోతాయో ఒక్కొక్కటీ తలచుకున్నారు. ఆ లెక్కలో తుపాకులున్నాయి, నేను లేను. ఆ సంగతి తెలిసే ప్రతి సెలవురోజూ నన్ను లోపలికి పంపి, తాను వీధితలుపు పక్కన గల్లాపెట్టె ఉండే గాజుగదిలో కూర్చున్నారు. ఇంట్లో ఈవిడకీ తెలుసు. తెలిసే నాకు కాఫీ ఇచ్చి పంపేవారు.

మర్నాడు ఆయన కొత్త స్పాంజి తేవడానికి వెళ్లారు. నేను తుపాకుల్ని అవే దుప్పట్లలో చుట్టి, టాక్సీలో పెట్టుకుని రేంజ్‌కి వెళ్లాను. వీధితలుపుకి 'మూసి ఉంది' అన్న బోర్డు తగిలించాను. పైన నీళ్లు లేని హాల్లోకి ఇంకే పరాయి మనిషీ అడుగుపెట్టకూడదు. ఒక చేత్తో పని కదా, ఆలస్యమైంది. ఒక్కో తుపాకీనీ దాని పాత మేకుకే వేలాడదీశాను.

ఆయన వచ్చేసరికి ఆఖరిది సర్దుతున్నాను. చేతిలోని స్పాంజి చుట్ట కింద పడేశారు.

"నీకు బుద్ధుందా! పైన నీళ్లు లేవని తెలిసి కూడా ఎవరైనా వీటిని ఇక్కడ పెడతారా?"

ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. తన నోటి మాట తనకే వినిపించడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. వినిపించాక ఆయన చూపు నా చేతి కట్టుమీద పడి, పక్కకు జారి, మళ్లీ తుపాకులమీదికే పోయింది. జేబులోంచి ఫోన్ తీసి పైపులాయనకు చేశారు. "ఎక్కడున్నా సరే, ఇప్పుడే రావాలి. ఈ పూటే నీళ్లు తెరవాలి."

చీపురు ఆయన చేతిలో పెట్టాను.

"అయితే ఇక భయం లేదు, మీరే ఊడుచుకోండి" అని చెప్పి బయటికొచ్చేశాను. ఆ హాలుకే కాదు, ఆ ఇంటికి కూడా మళ్లీ వెళ్లలేదు.