కండె అయిపోని మగ్గం

ఎమ్మిగనూరులో మగ్గం ఎదురుగా టీవీ పెట్టుకున్న నేతగాడు రఘునాథ్ ఒక్కడే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని వీధంతా నవ్వేది. నవ్వితే నవ్వనీ అని అతను ఆదివారం పొద్దున ‘ధ్రువనౌక’ సీరియల్ పెట్టుకుని, నాడె అటూ ఇటూ ఆడిస్తూనే చూసేవాడు. దాని కథేమంటే, భూమి మీద నీళ్లు కరువై కొంతమంది ఒక పెద్ద నౌక ఎక్కి ధ్రువనక్షత్రం వైపు బయలుదేరతారు. పన్నెండేళ్లుగా పోతూనే ఉన్నారు, ఇంకా చేరలేదు.

“నీళ్లకోసరం సుక్కల్లోకి పోవాల్నా రఘునాతా? మన కాలవ సాలదా?” అని ఎదురింటి నాగప్ప గేలి చేసేవాడు.

“కాలవలో నీళ్లొస్తే వాళ్లెందుకు పోతారు మామా?” అనేవాడు రఘునాథ్, చెయ్యి ఆపకుండానే.

సొంత ఊళ్లో విలువ లేకపోయినా బయట అతనికి బలగం ఉంది. ‘ధ్రువనౌక ప్రయాణికులు’ అని వాట్సాప్‌లో ఒక గుంపు. ఆదోనిలో బట్టల కొట్టువాళ్లు, కోసిగి కూలీలు, మంత్రాలయంలో సైన్సు పంతులు వాదిరాజ, ఇలాంటివాళ్లంతా అందులో ఉన్నారు. ఆ వారం భాగం అయిపోగానే రఘునాథ్ ఫోను మగ్గం పక్కన పెట్టుకుని, నేస్తూనే కథంతా చెప్పి, చివర్లో తన తీర్పు చెప్పేవాడు. మాట వెనక మగ్గం చప్పుడు టకటకా వినిపిస్తుండేది. నాడెలో కండె అయిపోయి నూలు ఆగగానే మగ్గమూ ఆగేది, మాటా ఆగేది. “లక్ష్మీ, కండె,” అనేవాడు. రాట్నం దగ్గర కండెలు చుడుతూ కూర్చున్న భార్య శ్రీలక్ష్మి ఒళ్లోని బుట్టలోంచి ఒకటి తీసి అతని చేతిలో పెట్టేది. మళ్లీ టకటక, మళ్లీ కథ. దానికి గుంపులో ‘కండె బ్రేకు’ అని పేరు పెట్టుకున్నారు. కోసిగి కృపమ్మ ప్రతి ఏడూ సుగ్గికని, కూలి వలస మీద, గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి పోయేది. అక్కడ పొలం గట్టున గుడిసెలో టీవీ ఎక్కడిది? “అన్నా, నువ్వు సెప్తే సూసినట్లే. కండె బ్రేకులో మేం నీళ్లు తాగుతాం,” అని నవ్వుతూ మాట పంపేది.

అలాంటి మనిషి ఒక శనివారం, దుప్పటి సగం నేసి, ఎదలో పట్టేసినట్లుంది అన్నాడు. ఆటోలో ఆదోని దారి పట్టారు. ఊరు దాటీ దాటకముందే శ్రీలక్ష్మి భుజం మీద తల వాల్చేశాడు.

కర్మలు అయిపోయాయి. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. సగం దుప్పటి మాత్రం మగ్గం మీదే ఉండిపోయింది. ఆ ఇంట్లో ఒక మాట ఉంది. చనిపోయినవాడు మగ్గం మీద వదిలిన పడుగు నూలును ఇంట్లోవాళ్లు నేసి ముగించి, బట్ట కోసి దించాలి. అంతవరకు ఆ మనిషి మగ్గం దిగడు. మామ నారాయణస్వామి, చూపు పోయిన మనిషి, ఆ మాట ఒక్కసారే చెప్పాడు. “నేనింకా నేయలేను మామా,” అంది శ్రీలక్ష్మి. గుడేకల్లులో నేతవాళ్ల ఇంట్లోనే పుట్టింది, చేతకాక కాదు. దిగిపోతాడని భయం.

ఇదంతా గుంపుకు తెలియదు. దినాలు అయ్యాక ఫోను తెరిస్తే వందల మాటలు. రఘునాథన్న యాడ, రఘునాథన్న ఏమంటాడు, అన్న సెప్పందే ఈ తగవు తెగదు అని ఒకటే గోల. అతను పోయిన మర్నాడు వచ్చిన భాగంలో నౌక కెప్టెన్ అగస్త్య చచ్చిపోయాడట. ఆ సంగతి కింద అంతస్తుల్లో ఉన్న జనానికి చెప్పకుండా, నౌకలోని డాక్టరమ్మ యంత్రం చేత అతని గొంతుతోనే మాట్లాడిస్తోందట. ఆ గొంతు ప్రతిరోజూ “రేపు చేరతాం” అంటుందట. గుంపు రెండుగా చీలిపోయింది. చచ్చినోని గొంతుతో అబద్ధమేందప్పా, ఆపాల అని సగం మంది. ఆపితే ఆ జనం గుండె పగిలి సస్తారు అని సగం మంది. ఆదోని బట్టల కొట్టు బసప్ప అలిగి గుంపులోంచి వెళ్లిపోయి, సాయంత్రానికి తానే మళ్లీ చేరాడు.

శ్రీలక్ష్మి నిజం టైపు చేయాలనే కూర్చుంది. వేళ్లు రాలేదు. ఇంట్లో పోయాడు, వీధిలో పోయాడు, గోడ మీద ఫోటోకు దండ కూడా పడింది. ఈ ఒక్క ఫోనులోనే ఇంకా ఉన్నాడు. ‘గొంతు బాగలేదు’ అని రాసి పంపింది. మిరియాల కషాయం తాగన్నా అని అందరూ రాశారు. ఆ రాత్రి ఆమెకు కడుపునిండా ఏడుపొచ్చింది, ఆ వెంటనే సిగ్గుపడేంత సంతోషమూ వచ్చింది.

కొన్నాళ్లకు వాదిరాజ ఒక లింకు పంపాడు. ‘అన్నా, మీరు ఇన్నేళ్లుగా పంపిన మాటలన్నీ కంప్యూటరుకు వినిపించాను. మీరు టైపు చేస్తే చాలు, అది మీ గొంతుతో పలుకుతుంది. గొంతు నయమయ్యేదాకా వాడుకోండి.’ పాపం, మంచి మనసుతో చేసిన పని. తప్పంటూ ఉంటే అబద్ధం రాసిన చేతిది.

ఆమె ఒక్క మాట టైపు చేసింది. లక్ష్మీ.

“లక్ష్మీ,” అన్నాడు రఘునాథ్ ఫోనులోంచి. ఆ మాట వెనక మగ్గం టకటకా ఆడుతోంది. ఇన్నేళ్ల మాటల్లోనూ మగ్గం చప్పుడు ఉంది కదా, అది కూడా అతని గొంతే అనుకుంది యంత్రం. ఫోను చేతిలోంచి జారి పడింది. ముందు గదిలోంచి నారాయణస్వామి గోడ తడుముకుంటూ వచ్చాడు.

“ఎవురమ్మా మగ్గం మీద?”

మగ్గం ఆమె కళ్లెదురుగా కదలకుండా ఉంది.

“యంత్రం మామా. మనిషి కాదు. ఆయన గొంతు మాదిరి మాట్లాడతాది.”

 ముసలాయన తడుముకుంటూ వచ్చి, మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంట పక్కన కూర్చున్నాడు. “ఇంకోసారి పెట్టు,” అన్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాడు అన్నం ముందర కూర్చుని, “ఆ పెట్టె పెట్టమ్మా,” అన్నాడు. యంత్రమని చెప్పినా, కొడుకే అనుకున్నట్లు దానితో మాట్లాడటం మొదలుపెట్టాడు. “ఏంరా నాయనా, దుప్పటి యాడిదాంకా వచ్చింది?” అని అడిగేవాడు. శ్రీలక్ష్మి చప్పుడు కాకుండా జవాబు టైపు చేసేది. “అంచు దగ్గరికొచ్చింది నాయనా,” అనేది ఆ గొంతు. “ఎప్పుడు కోస్తావు?” “రేపు.” అప్పుడు ముసలాయన ముద్ద నోట్లో పెట్టుకునేవాడు. ఎదురుగా కూర్చుని ఆమె కూడా తినేది. రోజూ అదే ప్రశ్న, రోజూ రేపే. ఆ రేపు అనే మాట తను ఎక్కడ చదివిందో ఆమెకు తెలుసు. తెలిసీ టైపు చేస్తూనే ఉంది.

ఇల్లంటే భయం పట్టుకుంది. ఆగిపోయిన మగ్గం పక్కన ఆడుతున్న మగ్గం చప్పుడు. ఒక మధ్యాహ్నం నీళ్లబిందెతో లోపలికి వస్తూ, ఎందుకో అతను కూర్చునే పలక మీద అరచెయ్యి పెట్టి చూసింది, వెచ్చగా ఉందేమోనని. చల్లగా ఉంది. తన పిచ్చికి తనకే ఏడుపొచ్చింది. అయినా మర్నాడు మళ్లీ పెట్టి చూసింది.

ఇంతలో వచ్చే ఆదివారమే ధ్రువనౌక ఆఖరి భాగం అని తెలిసింది. ఆ గొంతును ఆపుతారా ఆపరా అన్నది అందులో తేలుతుందట. వాదిరాజ రాశాడు: ‘అన్నా, అది చూసేముందు మీ తీర్పు కావాలి. ఇన్నాళ్లూ ఆగాము.’ గుంటూరు వైపు నుంచి కృపమ్మ మాట పంపింది. “అన్నా, ఈసారి కాయలు ఎక్కువుండాయి, ఇంకా ఊరికి రాలేము. నువ్వు సెప్తే గుడిసెలోళ్లందరం ఒక్కసోట కూసోని ఇంటాం.”

శ్రీలక్ష్మి మర్నాడు పొద్దున్నే రాట్నం దగ్గర కూర్చుని టైపు చేసింది. రఘునాథ్ అయితే ఏమనేవాడు? ఎంత ఆలోచించినా ఆమెకు తను కోరుకున్నదే తోచింది. ‘ఆ గొంతును ఆపొద్దప్పా. సచ్చినోడు సచ్చినాడు, బతికినోళ్లకు ఆ మాటన్నా ఉండనీండి. అబద్ధమైతే ఏమి, అన్నం దిగుతాంది కదా.’ ఇలా చాలా రాసింది. పంపేముందు ఒకసారి వినాలని నొక్కింది.

మామ స్తంభానికి ఆనుకుని వింటున్నాడు. గొంతు మాట్లాడుతోంది, మగ్గం ఆడుతోంది. శ్రీలక్ష్మి చేతులు వాటంతటవే రాట్నం తిప్పుతున్నాయి. ఒక కండె నిండింది. ఆ చప్పుడుకు ఇరవై ఏళ్లుగా అలవాటుపడిన చెవి కదా, నాడెలో నూలు ఎప్పుడు అయిపోతుందో ఒంటికే తెలుసు. సరిగ్గా ఆ వేళకు ఆమె కుడిచెయ్యి బుట్టలోంచి కండె తీసి మగ్గం వైపు చాచింది.

మగ్గం ఆగలేదు. గొంతూ ఆగలేదు. లక్ష్మీ అనలేదు, కండె అనలేదు. చాచిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఈ ఫోనులోవాడికి కండె అయిపోదు. యుగాలు గడిచినా నేస్తూనే ఉంటాడు. వీడికి నేను అక్కర్లేదు అనుకుంది. అతను పోయిన రోజు కూడా అంత ఒంటరితనం ఆమెకు తెలియలేదు.

“కండె అడగల్యా,” అన్నాడు నారాయణస్వామి.

ఆమె ఉలిక్కిపడి ఫోను ఆపేసింది. “ఇది ఆయన కాదని నీకు తెలుసునా మామా?”

“మొదటి దినమే తెలిసింది. కండె మార్చకుండా నేసే మగ్గం యాడుందమ్మా?”

“మరి రోజూ పెట్టమంటివే!”

“అది మాట్లాడితే గానీ నువ్వు కంచం ముందర కూసోవాయె. నీకోసరమే అడిగితి.”

“నేను నీకోసరం రాస్తాంటి మామా.”

 ముసలాయన అన్నాడు, చాలా మెల్లగా: “వాన్ని దిగనీయమ్మా. కాళ్లు నొప్పులు పుడతాంటాయి వానికి.”

శ్రీలక్ష్మి రాసిందంతా చెరిపేసింది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని మగ్గం గుంటలోకి దిగింది. పలక మీద కూర్చుంది. నాడెలో అతను సగం నేసిన కండె అలాగే ఉంది. ఫోను అతను పెట్టుకునే చోటే పెట్టి, రికార్డు నొక్కి, నేయడం మొదలుపెట్టింది. ఆ మగ్గానికి కొత్తచెయ్యి కాబట్టి చప్పుడు తడబడుతూ వచ్చింది.

“నేను రఘునాథ్ పెండ్లాన్ని, శ్రీలక్ష్మిని. మీ అన్న పోయినాడప్పా. కెప్టెను పోయిన భాగానికి ముందురోజే పోయినాడు. గొంతు బాగలేదని రాసింది నేనే. సెప్పేకి నోరు రాల్యా. తిట్టాలనుకుంటే నన్ను తిట్టండి, వాదిరాజ సారును ఏమనొద్దు. ఆయన తీర్పు నాకు తెల్దు. నా తీర్పు సెప్తా. ఆ గొంతును ఆపమనండి. నేను పెట్టుకోని సూసినాను. అది మనల్ని ఏమీ అడగదప్పా. మనం ఉన్నా ఒకటే, లేకున్నా...”

కండె అయిపోయింది. మగ్గం ఆగింది. ఇన్నేళ్లు చెవిలో పడిన మాట కదా, ఆమె నోట్లోంచి అదే వచ్చింది.

“లక్ష్మీ, కండె.”

రాట్నం దగ్గర ఎవరూ లేరు. పిలిచింది తన పేరే అని అప్పుడు తెలిసింది. ఫోను ఆ నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తూనే ఉంది.  కాసేపటికి బుట్టలో ఏదో తడుముతున్న చప్పుడైంది. స్తంభం దగ్గరి నుంచి పాక్కుంటూ వచ్చిన ముసలి చెయ్యి ఒకటి, కండె పట్టుకుని, గాలిలో వెతుక్కుంటూ ఆమె అరచేతిని చేరింది. ఆమె దాన్ని నాడెలో పెట్టింది. మళ్లీ టకటక మొదలైంది.

అది అలాగే పంపేసింది. ఆ పూట గుంపులో ఎవరూ ఏమీ రాయలేదు.  సాయంత్రం వాదిరాజ ఒక్క వాక్యం రాశాడు: ‘ఆ గొంతును తీసేశాను వదినా, క్షమించండి.’ ఆ తర్వాత కృపమ్మ గొంతు వచ్చింది, వెనక మిరపతోటలో గాలి. “వదినా, నువ్వు మొదట సెప్పినప్పుడు నమ్మల్యా. నువ్వు వచ్చి మాట్లాడతాండావు, అన్న యాడనో పక్కనే ఉంటాడులే అనుకొంటిమి. కండె బ్రేకు వచ్చింది సూడు, అప్పుడు తెలిసింది. ఈడ ఎవురమూ నీళ్లు తాగల్యా.”

ఆదివారం ధ్రువనౌక ఆఖరి భాగం వచ్చింది. నౌక చేరిందో లేదో, ఆ గొంతును ఆపారో లేదో శ్రీలక్ష్మి చూడలేదు. టీవీ మీద గుడ్డ కప్పి ఉంది. గుంపులో మాత్రం ఇది ముగింపేనా, మోసం చేసినారు అని మళ్లీ కొట్టుకోవడం మొదలైంది. చింత చచ్చినా పులుపు చావదు. ఆమె దుప్పటి ముగించి, బట్ట కోసి దించింది. తెచ్చి మామ ఒళ్లో పరిచింది.

నారాయణస్వామి ఒక కొస నుంచి వేలితో రాసుకుంటూ వచ్చాడు. మెల్లగా, తొందర లేకుండా. మొదటి సగం కొడుకు నేత, దెబ్బ గట్టిగా పడింది, నూలు ఒత్తుగా ఉంది. కోడలి నేత కొంచెం వదులు. కంటికి తెలిసేంత తేడా కాదు. వేలు ఒకచోటికి వచ్చి ఆగిపోయింది.

“ఈడమ్మా,” అన్నాడు. “ఈడ దిగినాడు.”

శ్రీలక్ష్మి పక్కన కూర్చుని, ఆ వేలి పక్కనే తన వేలు కూడా పెట్టింది.