ఫారెస్ట్ అంటే

చర్ల దగ్గరి తండాలో హాతీరాం ముప్పై ఏళ్లుగా దున్నుతున్న పోడు చేను ఫారెస్ట్ భూమి అంటూ, రెండువేల మూడులో వానలకు ముందు నోటీసు వచ్చింది. అతను ఆ కాగితం పట్టుకుని భద్రాచలం కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే కూతురు పుష్ప దగ్గరికి వచ్చాడు.

"చేన్ల ఒక్క చెట్టు లేదు బిడ్డా, ఫారెస్ట్ ఎట్లయితది? ఆ మాటకు అర్థమేందో సూడు."

నోటీసులో ఆ మాట వాడటం తప్పు అని తేలితే చేను దక్కుతుందని అతని ఆశ. పుష్ప లైబ్రరీలో పెద్ద నిఘంటువు తీసి చూసింది. పాతకాలపు ఇంగ్లండులో ఆ మాటకు చెట్లతో పనే లేదు. రాజు తన వేటకోసం జనానికి హద్దు గీసిన నేల ఏదైనా ఫారెస్టే. దాని లాటిన్ మూలానికి 'బయట' అని అర్థం.

తండ్రికి అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

హాతీరాం నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అయితే కాయిదం సక్కగనే రాసిండ్రు," అన్నాడు.

నెల తిరక్కుండానే ఫారెస్టు వాళ్లు చేను చుట్టూ కందకం తవ్వారు. చేను మూలన పుష్ప తల్లి హేమ్లి సమాధి ఉంది. తండాకు వచ్చిన పుష్పతో కందకం ఇవతల నిలబడి హాతీరాం అటే చూశాడు.

"మీ అమ్మకాడికి పోవాల్నంటే గిప్పుడు ఎవర్నడగాలె బిడ్డా?"

పుష్ప తండ్రి చేయి పట్టుకుంది.