పరదాకు ఇవతల కుర్చీ

మా బావమరిది భాస్కర్ వాళ్ల అమ్మను ఆటోలోంచి దింపి, మా ఇంట్లో మంచం మీద పడుకోబెట్టి, చాయ కూడా తాగకుండా మిర్యాలగూడ బయలుదేరాడు. గడప దగ్గర ఆగి ఒక మాట అన్నాడు.

"మాది పై పోర్షనాయె బావా. తుంటి ఆపరేషనైన మనిషి మెట్లెట్ల ఎక్కుతది? నీది కింది ఇల్లు. జర నడక వచ్చేదాంక ఉంచుకో."

ఎత్తుకొని ఎక్కించవచ్చు. ఆ మాట నేను అనలేదు. అనలేదు గాని మరిచిపోలేదు.

కోదాడలో నాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో నేను ఉంటాను. వెనక గది ఎనిమిదికి తొమ్మిది అడుగులు. అందులో నా భార్య సుగుణ బీరువా, బియ్యం బస్తాలు, ఒక మంచం ఉండేవి. సుగుణ పోయాక ఆ గదిలోకి పని ఉంటేనే వెళ్లేవాణ్ణి. అత్తమ్మను అక్కడ ఉంచాను.

మా వైపు అత్త అల్లుడి ఎదుట మంచం మీద కూర్చోదు. పెళ్లయిన నాటి నుంచి నేను మోతెలో అత్తగారింటికి ఎప్పుడు వెళ్లినా మా అత్త సత్యమ్మ తలుపు చాటుకు పోయేది. అక్కడి నుంచే మాట్లాడేది. అదీ నాతో కాదు. "అల్లునికి కాళ్లకు నీళ్లియ్యుండ్రి." "ఇంకింత కూరేసుకొమ్మని చెప్పుండ్రి." చెప్పేవాళ్లు ఎవరూ లేకపోతే తలుపుకే చెప్పేది. ఆమె గొంతు నాకు బాగా తెలుసు. ముఖం సరిగా తెలియదు. సుగుణను కాటికి సాగనంపిన నాడు మాత్రం ఆమె చాటు చూసుకోలేదు. నా కంటే గట్టిగా ఏడ్చింది. దానికీ నాకు కోపమే వచ్చింది.

ఇప్పుడు ఆమె నా ఇంట్లో మంచం పట్టింది. నేను తలుపు మీద తట్టి, కాస్త ఆగి, లోపలికి పోయేవాణ్ణి. ఆమె ముఖం గోడ వైపు తిప్పుకునేది. గిన్నె స్టూలు మీద పెట్టి, బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేసేవాణ్ణి. కాసేపటికి లోపలి నుంచి మాట వచ్చేది.

"చారు పుల్లగైందని చెప్పాలె ఎవలన్న."

ఇంట్లో ఇంకెవరూ లేరు. మరునాడు చింతపండు తగ్గించేవాణ్ణి.

ఇలా సాగుతుండగా నా బిడ్డ అశ్విని సూర్యాపేట నుంచి వచ్చింది. గది గడపలోనే నిలబడిపోయింది.

"ఇది రూమా నాయినా, గోదామా? అమ్మమ్మకు ఊపిరెట్లాడుతది?"

ఫోను తీసి వీడియోలు చూపించింది. చిన్న గదిని పెద్ద హోటల్ గదిలా మార్చడం ఎట్లాగో ఎవరో చెబుతున్నారు. నేను అడ్డు చెప్పలేదు. వాళ్ల అమ్మకు ఏమీ చేయలేకపోయానని దానికి బాధ. అమ్మమ్మకైనా చేద్దామని ఆరాటం.

పొద్దునా సాయంత్రం అత్తమ్మను కడిగి బట్టలు మార్చేది పక్కింటావిడ ద్వాళి. రంగు ఆరేదాకా ద్వాళి ఇంట్లోనే అత్తమ్మను పడుకోబెట్టారు. బీరువా, బస్తాలు నా గదిలోకి వచ్చాయి. గోడలకు వెన్న రంగు పడింది. మంచానికి తెల్లటి దుప్పటి, మెత్తటి దిండ్లు, తల దగ్గర పసుపు వెలుగు దీపం. లోపలికి తెరుచుకునే తలుపు చోటు తింటోందని వడ్రంగిని పిలిచి దాన్ని ఊడదీయించింది. మంచం పక్క గోడకు నిలువెత్తు అద్దం బిగించింది. అబద్ధం ఎందుకు, గది రెండింతలైనట్టే కనిపించింది.

"ఎట్లున్నది అమ్మమ్మా?"

"మంచిగున్నది బిడ్డా. పెండ్లింటి లెక్కున్నది."

"నువ్వేమంటవ్ నాయినా?"

"కరెంటు బిల్లు వచ్చినంక చెప్త."

అది నవ్వుకుంటూ బస్సెక్కింది.

ఆ మరునాటి నుంచి అత్తమ్మ తినడం మానేసింది. గిన్నె పెట్టింది పెట్టినట్టే తిరిగి వచ్చేది. చెంబులో నీళ్లు తగ్గేవి కావు. చారు గురించి మాట లేదు. ముఖం మీద కొంగు కప్పుకొని పడుకునేది. డాక్టరును ఇంటికి పిలిపించాను. కుట్లు మానాయి, జబ్బేమీ లేదు, నీళ్లు తాగకపోతే మాత్రం మనిషి దక్కదు అన్నాడు.

భాస్కర్‌కు ఫోను చేశాను.

"వయసైపాయె గద బావా. ఏమన్నైతే ఫోన్ జెయ్. మోతెకే తీస్కపోదాం."

ఏం తీసుకుపోదామంటున్నాడో అర్థమైంది. ఫోను పెట్టేశాను. సుగుణ కూడా చివర్లో తిండి మానింది. ఆ ముట్టని గిన్నెలు ఇంకోసారి కడగడం నా వల్ల కాదు.

ఒక పొద్దున జావ కాచి తీసుకుపోయాను. తట్టడానికి తలుపు లేదు. దగ్గి లోపలికి అడుగు పెట్టాను. అత్తమ్మ గోడ వైపు తిరిగింది. గోడకు అద్దం ఉంది. అద్దంలో గిన్నె పట్టుకొని నిలువెత్తున నేనున్నాను. ఆమె కళ్లు నా కళ్లకు ఎదురుపడ్డాయి. వెంటనే కొంగు లాక్కుంది.

నేను వెనక్కి వచ్చి నా మంచం మీద కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే ఆమె మంచం తల నుంచి పాదాల దాకా కనిపిస్తోంది. గడపలోంచి ఒకటి, అద్దంలో ఒకటి. ఎటు తిరిగినా అల్లుడే. ఇక నీళ్లు ఎట్లా తాగుతుంది? తాగితే ద్వాళిని పిలవాలి, బెడ్‌పాన్ అడగాలి. అంత పెద్ద గదిలో ఆమెకు చాటు లేదు.

ముందు అద్దం ఊడదీసి నా గదిలో గోడ వైపు తిప్పి పెట్టాను. తర్వాత బజారుకు పోయాను. పరదాల దుకాణం అతను అడిగాడు.

"కిటికీకా, తలుపుకా?"

"అత్తకు."

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. స్లాబు నుంచి నేల దాకా ఉండాలి, మనిషి నీడ కూడా కనబడొద్దు అన్నాను. మెత్తగా, బరువుగా ఉన్న ముదురాకుపచ్చ గుడ్డ తీశాడు. పెద్ద హోటళ్ల వాళ్లు ఇదే కొంటారన్నాడు. అదే తీసుకున్నాను.

గదికి అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడకు పైపు బిగించాను. పని అవుతున్నంత సేపు అత్తమ్మ కొంగు తియ్యలేదు. ద్వాళి వచ్చి చూసింది.

"ఏందన్నా, ఇంట్ల నాటకమేస్తున్నవా?"

"ఆ. నువ్వు లోపలికి పో. నేను బయటికి పోత."

పరదాకు అవతల మంచం. ఇవతల ఒక కుర్చీ పట్టేంత చోటు మిగిలింది. సాయంత్రం పరదా పక్క నుంచి చెయ్యి మాత్రం పెట్టి అన్నం గిన్నె, చెంబు స్టూలు మీదికి జరిపి, వెనక్కి తిరిగి కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి మంచం కిర్రుమంది. చెంబు ఎత్తిన చప్పుడు. గుటకలు.

"పచ్చడిల ఉప్పు తక్కువైందని చెప్పుండ్రి."

"సరే, చెప్త," అన్నాను.

ఆదివారం అశ్విని వచ్చింది. పరదా చూసి దాని ముఖం చిన్నబోయింది.

"గింత కష్టపడి పెద్దగ జేస్తె మల్ల సగం జేసినవా నాయినా?"

నేను జవాబు చెప్పేలోపే అవతలి నుంచి అత్తమ్మ అంది.

"మీ నాయిననేమనకు పిల్లా. ఇప్పుడే జర కాళ్లు సాపుకున్న."

అశ్విని దగ్గరికి వచ్చి పరదా మడతలు ఒక్కొక్కటీ సర్దింది.

అంతలో భాస్కర్ ఫోను చేశాడు. అమ్మకు ఎట్లా ఉందని అడిగాడు. నేను ఫోను పరదా దగ్గర పెట్టాను.

"వాన్ని మెట్లు దిగి రమ్మని చెప్పుండ్రి," అంది అత్తమ్మ.

అతనికి వినబడింది. అయినా నేను ఇంకోసారి చెప్పాను.

ఇప్పుడు సాయంత్రాలు ఆ కుర్చీలోనే కూర్చుంటున్నాను. ఆమె అవతల గోడకో, దీపానికో మాట్లాడుతుంది. నిన్న పెళ్లిచూపుల సంగతి తీసింది.

"సుగుణ నా కొంగు సాటున నిలబడి గడపల చెప్పులు సూసింది. అందరివి యాడియాడనో పడున్నయి. అల్లునియి ఒక్కటే జత సక్కగ పక్కపక్కన ఉన్నయి. అమ్మా, ఈయిననే చేసుకుంట అన్నది."

ఈ సంగతి సుగుణ నాకు ఎప్పుడూ చెప్పలేదు. గడప దగ్గర నా చెప్పుల వైపు చూశాను. పరదా అవతలి నుంచి ఆమె అడిగింది.

"అల్లుడు తిన్నడా?"

సుగుణ పోయాక ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు.

"ఇంకా తినలే," అన్నాను.

"గిన్నె గీడికే తెచ్చుకొమ్మని చెప్పుండ్రి."

వెళ్లి తెచ్చుకున్నాను. పరదాకు ఇవతల కూర్చుని తిన్నాను. ఉప్పు సరిపోయింది.