రెండు గరిటెలు

నిన్న వీధి కొళాయి దగ్గర ఎదురింటి తిమ్మక్క అనిందంట: "సౌందర్యకు లివరు చెడిపోయిందంట కదా. ఊరికే చెడిపోతుందా? జూజువాడి చెక్‌పోస్టు దాటి కర్ణాటక నుంచి మొగుడు తెచ్చే మందు బాటిల్లో దానికీ వాటా ఉంటుందిలే." నీళ్లకు పోయిన నా కూతురు సింధు బిందె దించుతూనే నాకు అప్పజెప్పింది.

"నువ్వేమన్నావే?"

"నేనేమంటాను? నీళ్లు పట్టుకొని వచ్చినాను."

ఆ సౌందర్యను నేనే. బుద్ధెరిగినప్పటి నుంచీ నాకు ఆ మందు వాసనే పడదు. అయినా సాయంత్రం నడకకు వేసుకున్న చెప్పులు గడపలోనే విప్పేశాను. రోజూ ముప్పావుగంట నడవమన్నాడు డాక్టరు. నడవాలంటే తిమ్మక్క వాకిలి దాటాలి.

కానీ నన్ను కోస్తున్న సిగ్గు అది కాదు. పోయిన సోమవారం కృష్ణగిరిలో డాక్టరు స్కాన్ చూసి, లివరుకు కొవ్వు బాగా పట్టిందమ్మా, గట్టిపడడం మొదలైంది, ఇప్పుడైతే వెనక్కి తిప్పుకోవచ్చు, ఇంకా ఆలస్యం చేస్తే కష్టం అన్నాడు. తాగుతావా అని అడిగాడు. లేదన్నాను. తాగే మనిషి, మా ఆయన గోపీనాథ్, పక్కనే ఫోన్ చూసుకుంటున్నాడు. ఆయన లివరు శుభ్రంగా ఉందట.

"మరి ఏం తింటావు?"

"రెండు గరిటెల అన్నం సార్."

డాక్టరు నమ్మలేదు. మా ఆయన నవ్వాడు. "ఏం తింటుందో మాకెట్లా తెలుస్తుంది సార్? మేం తిన్నాక కదా తినేది."

నా కంచంలో పెట్టుకునేది రెండు గరిటెలే. దానికి ముందు మామ వదిలిన సగం రాగిముద్ద, మా ఆయన పక్కకు నెట్టిన అన్నం, అత్తకు ఎక్కువైన పెరుగన్నం, సింధు వద్దన్న ఇడ్లీ, అన్నీ పొయ్యి దగ్గర నిలబడి నోట్లో వేసుకుంటాను. పద్దెనిమిదేళ్లుగా దాన్ని తిండి అనుకోలేదు, గిన్నెలు తోమడంలో ఒక భాగమనుకున్నాను. డాక్టరుకు చెప్పాలంటే తిండిపోతునని ఒప్పుకోవాలి, లేదంటే అందరి ఎంగిలీ తింటానని. రెంటికీ నోరు రాలేదు.

ఈ మధ్యాహ్నం అందరూ తిన్నాక మామ కంచాన్ని అత్త నా వైపు జరిపింది. "సగం ముద్ద ఉండాది. యాడ పారేసేది? తినేయమ్మా."

చేయి దానంతటదే ముందుకు పోయింది. వెనక్కి తీసుకున్నాను.

"వద్దత్తా."

"ఇన్నాళ్లూ తిన్నావు కదా, ఇప్పుడు మా ఎంగిలి చేదయిందా?"

ఫోన్ లోంచి తల ఎత్తకుండానే మా ఆయన అందుకున్నాడు. "రెండు గరిటెలని ఆడ డాక్టరు ముందర నాటకం. ఈడ కూడానా?"

"పై నెల మళ్లా పోవాల కదప్పా," అన్నాను ఆయనతో. "ఏం తింటావని అడిగితే ఈసారి దాచను. మీ నలుగురూ వదిలేసింది తింటానని చెప్తాను. నువ్వు పక్కనే కూర్చొని విను."

ఫోన్ మీద ఆయన వేలు ఆగిపోయింది.