కావేరి చావుకు రాసిన కారణం

ఆరేళ్లపాటు ప్రజ్ఞ చోడవరం చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది. కాన్పులో చనిపోయిన ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఆ రోజు ఏం జరిగిందో గంట గంటకీ రాసుకోవడం ఆమె పని. చెరకు కోతకు పోయే ఇళ్లలోనే తల్లులు ఎక్కువగా ఎందుకు పోతున్నారన్నది ఆమె పరిశోధన. ఈ దారి చూపించింది విశాఖలోని ప్రొఫెసర్ ఫణిభూషణ్. "నువ్వు విన్నది విన్నట్టు రాయి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడాయన. ఆ మాట నమ్మి ఆమె రెండు మంచి ఉద్యోగాలు వదులుకుంది.

దేవరాపల్లి దగ్గర అప్పయమ్మ ఇంటికి నాలుగుసార్లు వెళ్లింది. మూడుసార్లు ఆవిడ కూతురి ఊసే ఎత్తనివ్వలేదు.

"నువ్వు రాసుకుంటే నా కావేరి తిరిగొస్తదేటమ్మా?" అంది నాలుగోసారి.

"రాదు పిన్నీ. ఇంకో ఆడగుంటకి ఇలా జరక్కుండా సూడొచ్చు."

అప్పయమ్మ చెరుగుతున్న చేట పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది. పొద్దున్న ఏడింటికే ఆటోలో ఆస్పత్రికి చేర్చారు. డాక్టరు లేడు. మధ్యాహ్నం నర్సు చేతిలోనే ఆడపిల్ల పుట్టింది, రక్తం ఆగలేదు. ఎక్కించడానికి రక్తం లేదన్నారు. పెద్దాస్పత్రికి తీసుకెళ్లే అంబులెన్సు వచ్చేసరికి మూడు గంటలు పట్టింది.

"బండిలో ఒక్కసారే కళ్లు తెరిసింది. పిల్లకి పాలు ఎవులిస్తారే అమ్మా అనడిగింది. అంతే."

ప్రజ్ఞ అది అలాగే రాసుకుంది.

రిపోర్టు విశాఖలో ఒక హోటల్లో విడుదలైంది. అట్ట మీద ఫణిభూషణ్ పేరు కింద ఆమె పేరు. యూనివర్సిటీలో ఆమెకు పోస్టు కూడా దాదాపు ఖాయమైంది. కుర్చీలో కూర్చుని పేజీలు తిప్పుతుంటే కావేరి మరణం కనపడింది. పేరు లేదు గానీ తేదీ అదే, ఊరు అదే. కారణం దగ్గర, కుటుంబం సకాలంలో ఆస్పత్రికి తీసుకురాకపోవడం అని ఉంది. మొత్తం పంతొమ్మిది మరణాల్లో పదకొండింటికి అదే వాక్యం.

భోజనాల దగ్గర ఆయన్ని పట్టుకుంది.

"ఏడింటికే తీసుకెళ్లారు సార్. నేను రాసిచ్చాను."

"ప్రభుత్వ ఆస్పత్రిని తప్పుపట్టి ఉంటే ఈ రిపోర్టు బయటికే వచ్చేది కాదు. నీ పోస్టు సంగతి కూడా ఆలోచించు." ఆయన పెరుగు వడ్డించుకున్నాడు. "అయినా ఆవిడ ఇది చదువుతుందా ఏంటి?"

విన్నది విన్నట్టు రాస్తామని, ఈయన మాట నమ్మే ప్రజ్ఞ ఆరేళ్లు ప్రతి గడపలోనూ చెప్పింది.

మర్నాడే దేవరాపల్లి వెళ్లి అప్పయమ్మకు ఆ వాక్యం చదివి వినిపించింది.

"అయితే నేనే ఆలీసం సేసి సంపుకున్నానని రాసేరా?"

"నేను రాయలేదు పిన్నీ."

"మీ సారెవరో నాకు తెలీదమ్మా. నేను సెప్పింది నీకు."

ప్రజ్ఞ రిపోర్టులోంచి తన పేరు తీసెయ్యమని ఫణిభూషణ్‌కు రాసి పంపింది. పదకొండు ఇళ్లకూ మళ్లీ వెళ్లి, అసలు వాంగ్మూలాలు కాన్పు మరణాలను విచారించే జిల్లా కమిటీకి ఇవ్వడానికి అనుమతి అడిగింది. ఎనిమిది ఇళ్లవాళ్లు ఒప్పుకున్నారు, రెండిళ్లవాళ్లు వద్దన్నారు. అప్పయమ్మ మాత్రం కాగితం ఇవ్వనివ్వలేదు.

"ఈసారి నేనే వస్తాను, నేనే సెప్తాను" అంది.

కమిటీ ముందు ఆవిడ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పింది. ప్రజ్ఞ బయట వరండాలో నిలబడి విన్నది. నాలుగు నెలల తర్వాత తొమ్మిది మరణాలకూ కారణం మార్చి రాశారు. ఆ ఆస్పత్రికి రక్తం నిల్వ చేసే ఫ్రిజ్ వచ్చింది. యూనివర్సిటీ పోస్టు వేరెవరికో ఇచ్చారు. ఫణిభూషణ్ మాత్రం తన ఉద్యోగంలోనే ఉన్నాడు.

ప్రజ్ఞ ఇప్పుడు చోడవరంలోనే ఉండి గర్భిణుల వెంట ఆస్పత్రులకు వెళ్తోంది. దేవరాపల్లి బస్సులో అప్పయమ్మ కనిపిస్తే పలకరిస్తుంది. ఆవిడ తలూపుతుంది, ఇంటికి రమ్మనదు.